లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు

సంతలో ఎద్దును కొనువాడు ముందుగా దాని నోరు తెరిపించి పండ్లు చూచును. పండ్లను బట్టి వయస్సు తెలియును. తరువాత నాలుగడుగులు నడిపించి చూచును. కాడి మోసిన మెడను చేతితో తడిమి చూచును. కొమ్ములకు రంగు పూసి, మువ్వలు కట్టి తెచ్చిన ఎద్దును చూచి మోసపోవు రైతు మన పల్లెలలో అరుదు. కాని ఆ రైతు కుమారుడే, ఉద్యోగము సంపాదించి ఖమ్మములోనో కొత్తగూడెములోనో కాపురము పెట్టిన తరువాత, పాత కారు కొనబోయి, పైరంగు చూచి, సీటు కవర్లు చూచి, మీటరుపై నున్న అంకె చూచి బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. తండ్రికి ఎద్దు దగ్గర ఉన్న తెలివి కుమారునికి కారు దగ్గర ఎందుకు లేకపోయినది? ఎక్కడ చూడవలెనో అతనికి ఎవరును చెప్పలేదు. ఆ సంగతులు కొన్ని నేడు ముచ్చటించుకొందము.

కారు విలాసవస్తువు గదా, పాతదైనను కొనుట ఎందుకని కొందరు అడుగవచ్చును. మన ప్రాంతములో ఆ మాట చెల్లదు. ఖమ్మము 2012లో నగరపాలక సంస్థ అయినది. ఊరు నలువైపుల పెరిగినది. బడి ఒక మూల, కార్యాలయము మరొక మూల, ఆసుపత్రి ఇంకొక మూల. కొత్తగూడెములో ఇల్లు, పాల్వంచలో కొలువు అయినవారెందరో కలరు. ఆ రెండు ఊళ్ళకును నడుమ దూరము పన్నెండు కిలోమీటర్లు. మోటారు సైకిలుపై భార్యాభర్తలు, నడుమ ఒక బిడ్డ, ముందు ఒక బిడ్డ, ప్రక్కనుండి బొగ్గు లారీలు పోవుచుండగా వానలో ప్రయాణము చేయు కుటుంబమును చూచినవారెవ్వరును కారును విలాసమని అనజాలరు. కొత్త కారు కొను శక్తి లేదు. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పాత బండి అందుబాటు ధరకు దొరకుచున్నది. కొనవచ్చునా? కొనవచ్చునని నా అభిప్రాయము. కాని అది ఏ దారిన తిరుగవలసిన బండియో ముందు నిర్ణయించుకొనవలెను.

కొంచెము లెక్క వేసి చూతము. ఖమ్మము పట్టణములోనే ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి తిరుగు ఉపాధ్యాయుడు దినమునకు పన్నెండు కిలోమీటర్లు తిరుగుననుకొందము. ఏడాదికి మూడు వందల దినములు తిరిగినను 3,600 కిలోమీటర్లే. అయిదేండ్లకు పద్దెనిమిది వేలు. అతడు 1,20,000 తిరిగిన బండిని కొన్నచో, అయిదేండ్లు వాడి అమ్మునాటికి అది 1,38,000 మాత్రమే చూపును. ఎక్కువ తిరిగినదన్న కారణముచేత ధర తగ్గిన బండి ఇట్టివానికి లాభమే. ధర తగ్గించిన ఆ అంకె అతని చేతిలో పెద్దగా పెరుగదు. కొత్తగూడెము నుండి భద్రాచలము ప్రతిదినము పోయివచ్చు ఉద్యోగి సంగతి వేరు. పోను నలుబది, రాను నలుబది. ఏడాదికి ఇరువదినాలుగు వేలు. అయిదేండ్లలో అతడు మరొక 1,20,000 కిలోమీటర్లు చేర్చును. మొదటివాడు కొన్న బండినే ఇతడును కొన్నచో, అడవి దారిలో, పొద్దుగూకిన వేళ, సెల్లు ఫోనుకు సంకేతమందని చోట నిలిచిపోవు దినము రాక తప్పదు. ఒకే బండి ఒకనికి బేరము, మరొకనికి బరువు.

మీటరు అంకెకు ఇంత గౌరవము ఈ మధ్య వచ్చినదే. అంబాసిడరు, ఫియట్ కార్ల కాలములో చాల మీటర్లలో అయిదే అంకెలుండెడివి. 99,999 దాటగానే అన్నియు సున్నాలగుచుండెడివి. కాబట్టి ఆనాటి కొనుగోలుదారు “ఎంత తిరిగినది?” అని గాక “ఇంజను బోరు చేయించినారా?” అని అడిగెడివాడు. భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన వచ్చిన 1965 నాటికి కొత్త కారు కావలెనన్నచో పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుండవలెను. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత మధ్యతరగతి ఇంటిముందు కారు నిలుచుట మొదలయినది. ఆ మారుతి 800, దానికి పెద్దన్న వంటి అంబాసిడరు రెండును 2014లోనే తయారీ ఆగిపోయినవి. ఇప్పుడు మీటరు యంత్రముగాక విద్యుత్ పరికరము. దానిలో పండ్లచక్రములు లేవు, సున్నాకు రాదు. అయినను తగిన పరికరము గలవాడు కొద్ది నిమిషములలో రెండు లక్షలను అరువది వేలు చేయగలడు. పూర్వము మీటరు దానంతటది సున్నాకు వచ్చెడిది. నేడు మనుష్యుడు తెచ్చుచున్నాడు. తేడా అంతే.

కొత్తగూడెములో నాకు తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు. ముప్పై ఏండ్లుగా షెడ్డు నడుపుచున్నాడు. ఒక మిత్రుని కొరకు బండి చూడ పోయినప్పుడు అతనిని వెంట తీసికొని పోతిని. అతడు బానెట్టు తెరువలేదు. తలుపు తీసి క్రిందికి వంగి పాదములు పెట్టు చోట చూచినాడు. “మీటరు చూడకండి సార్, పెడలు చూడండి. అరవై వేలు తిరిగిన బండికి క్లచ్చి పెడలు రబ్బరు ఇట్లా నున్నగా అరిగిపోదు. స్టీరింగు తోలు చూడండి, పది గంటల కాడ, రెండు గంటల కాడ మెరుస్తున్నది. డ్రైవరు సీటు అంచు కుంగింది. ఇది అద్దెకు తిరిగిన బండి సార్” అన్నాడు. అమ్మువాడు మాట్లాడలేదు. ఎద్దు పండ్లు ఎక్కడుండునో ఆనాడు నాకు తెలిసినది.

అద్దెకు తిరిగిన బండ్ల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. మన కొత్తగూడెము సింగరేణి సంస్థకు ప్రధాన కేంద్రము. పాల్వంచలో విద్యుత్కేంద్రము, సారపాకలో కాగితపు కర్మాగారము, భద్రాచలములో యాత్రికులు. ఇట్టి చోట అద్దె కార్లు ఎక్కువగా నుండుట సహజము. పసుపు పలకతో తిరిగి, పర్మిట్టు రద్దు చేయించుకొని, తెల్ల పలకకు మారి ఆ బండ్లు అమ్మకమునకు వచ్చుచుండును. వానిని చూచి బెదరిపోనక్కరలేదు. దూరపు దారిలో ఒకే వేగముతో, వేళకు నూనె మార్చుకొనుచు రెండు లక్షలు తిరిగిన ఇంజను, ఊరిలో రెండు కిలోమీటర్లకొకసారి ఆగి, చల్లబడి, మరల మొదలుపెట్టి అరువది వేలు తిరిగిన ఇంజనుకన్న మేలైన స్థితిలో నుండవచ్చును. దాచిపెట్టిన చరిత్రకు మాత్రము వెరవవలెను. అద్దె బండి అని చెప్పి, మరమ్మతు రసీదులు చూపి అమ్మువాడు నాకు ఎక్కువ నమ్మదగినవాడు. పదేండ్ల బండికి నలుబది వేలే తిరిగినదనువాడు దినమునకు పదకొండు కిలోమీటర్లే తిరిగినదని చెప్పుచున్నాడన్నమాట. అది నిజము కావచ్చును. రసీదులు అడుగుడు. కంపెనీ వారి సర్వీసు కేంద్రములలో బండి నంబరు పేర పాత లెక్కలుండును. ప్రతి సర్వీసు నాటి మీటరు అంకె అందు వ్రాయబడి యుండును.

మీటరు అబద్ధము కన్న పెద్ద ప్రమాదము మన జిల్లాలలో వేరొకటి యున్నది. అది నీరు.

2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదియే. 2024 సెప్టెంబరు మొదటి తేదీన మున్నేరు పొంగి ఖమ్మములో బొక్కలగడ్డ, ప్రకాశ్ నగర్ వంటి పేటలను ముంచెత్తినది. ఇండ్లు బురదతో నిండినవి. ఇంటిముందు నిలిపిన వాహనములును నీట మునిగినవి. ఆ వాహనము లేమయినవని ఎప్పుడైన ఆలోచించినారా? భీమా కంపెనీ పూర్తి నష్టముగా లెక్కగట్టిన బండియైనను తుక్కుకే పోవలెనన్న నియమము లేదు. వేలములో కొని, కడిగి, తివాసులు మార్చి, సుగంధద్రవ్యము చల్లి, దూరపు ఊరికి తీసికొనిపోయి అమ్మువారు కలరు. మన ఊరి బండి మరొక ఊరికి పోవును. మరొక ఊరి బండి మన ఊరికి వచ్చును. విజయవాడలో బుడమేరు పొంగినదియు అదే సెప్టెంబరులోనే.

నీట మునిగిన బండి వెంటనే చెడదు. కొన్ననాడు చక్కగా నడుచును. నేటి కారులో ఇంజనును, బ్రేకులను, ప్రమాదవేళ తెరుచుకొను గాలిసంచులను నడిపించునవి చిన్న చిన్న విద్యుత్ పెట్టెలు, వాని నడుమ సన్నని తీగెలు. తీగెలు కలియు చోట్ల బురదనీటి తడి నిలిచి పచ్చని చిలుము పట్టును. మూడు నెలలకో ఆరు నెలలకో ఒక దీపము వెలుగదు. తరువాత ఒక అద్దము దిగదు. ఒకనాడు నడుచుచున్న బండి నడిరోడ్డుపై ఆగును. గాలిసంచి తెరుచుకొనునో లేదో గుద్దుకొన్ననాడు గాని తెలియదు. పొరపాటున నీటిలో నున్నప్పుడే ఎవరైన ఇంజను తిప్పియుందురా, లోపలికి పోయిన నీరు అదుముటకు లొంగదు గనుక కనెక్టింగు రాడ్డు వంగియుండును. దానిని చక్కజేయుటకగు ఖర్చు బండి ధరలో సగమైనను ఆశ్చర్యము లేదు.

దీనిని కనిపెట్టుట కష్టము కాదు. సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు. ఎప్పుడును బయటికి రాని ఆ చివరి భాగములో బురద చార యుండును. తివాసి ఎత్తి క్రింది గుడ్డను చేతితో నొక్కుడు, వాసన చూడుడు. డిక్కీలో స్టెప్నీ టైరు పెట్టు గుంటలో ఇసుక నిలిచినదేమో చూడుడు. సీట్లను బిగించిన బోల్టులు తుప్పు పట్టినవా? దీపముల అద్దముల లోపల మంచు వంటి తడి యున్నదా? తలుపు లోపలి సందులలో సన్నని ఒండ్రు ఉన్నదా? మా మెకానిక్కు ముక్కుతోనే సగము పరీక్ష ముగించును. అతి సుగంధముగా నున్న బండిని చూచి అతడు వెనుకకు తగ్గును.

ఇక మన ఎండ. మే నెలలో 45 డిగ్రీల వేడి కొత్తగూడెమునకు క్రొత్త కాదు. ఎక్కువ తిరిగిన బండికి ఇక్కడ మొదట దెబ్బ తగులునది చల్లబరచు ఏర్పాటునకే. రేడియేటరు పూడిక, నీటి పంపు కారుట, ఫ్యాను ఆలస్యముగా తిరుగుట, ఇవి చలికాలపు ఉదయము బండి చూచినవారికి కనిపింపవు. ఇంజను ఒకసారి అతిగా వేడెక్కిన తరువాత హెడ్డు గాస్కెట్టు చెడును. నీరు నూనెలో కలియును. నూనె పోయు మూత తీసి చూచినప్పుడు లోపల మీగడ వంటి తెల్లని పదార్థము ఉన్నచో అనుమానించుడు. కాబట్టి బండిని రెండుమారులు చూడవలెను. ఒకమారు తెల్లవారుజామున, ఇంజను చల్లగా నున్నప్పుడు. మనము రాకముందే ఇంజను వేడిచేసి యుంచు అమ్మకందారులు కలరు. బానెట్టు మీద చేయి పెట్టిన తెలియును. చల్లని ఇంజను మొదలుపెట్టగానే సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చినచో నూనె మండుచున్నది. తెల్లని పొగ చాలసేపటివరకు ఆగకున్నచో నీరు కలియుచున్నది. రెండవమారు మధ్యాహ్నపు ఎండలో, ఏసీ వేసి, ఊరిలో రద్దీగా నున్న చోట ఇరువది నిమిషములు నడిపి, వేడి సూచించు ముల్లును కనిపెట్టవలెను. తరువాత కిటికీలు దించి, రేడియో ఆపి (ఆకాశవాణి ఉద్యోగిని ఈ మాట చెప్పుట వింతయే), గుంతల దారిలో నడుపుడు. కటకటమను చప్పుళ్ళు ఆ దారియే చెప్పును.

టైర్ల సంగతి కొందరికి తెలియదు. టైరు ప్రక్కభాగముపై నాలుగంకెలు ముద్రించి యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరములో ఇరువదిమూడవ వారమున తయారైనది. పైకి గాట్లు బాగుగానే యున్నను రబ్బరు గట్టిపడిన టైరు వేసవిలో పగులును. చింతూరు మీదుగా మారేడుమిల్లి కనుమ దిగదలచినవారు టైర్లను, బ్రేకు ద్రవమును మార్చిన తరువాతనే దిగవలెను. పాత బ్రేకు ద్రవము తేమ పీల్చుకొని యుండును. దిగుడు దారిలో వేడెక్కి మరిగినచో కాలు నేలకు ఆనినను బండి ఆగదు.

పట్టణపు పనికే అయినచో పెట్రోలు బండి మేలు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన డీజిలు బండ్లలో పొగమసిని పట్టియుంచు జల్లెడ యుండును. అది శుభ్రపడుటకు దూరపు ప్రయాణము కావలెను. రెండేసి కిలోమీటర్ల తిరుగుడులో పూడిపోవును. పెట్రోలు బండికిని ఒక జాగ్రత్త ఉన్నది. ఇప్పుడు బంకులలో పోయునది నూటికి ఇరువది పాళ్ళ ఇథనాలు కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లన్నియు దానికి తగినవి కావు. పాత రబ్బరు గొట్టములు, వాషర్లు మెత్తబడుటయో పగులుటయో జరుగవచ్చును. పెట్రోలు వాసన తగిలిన వెంటనే గొట్టములు మార్పించవలెను.

ఇప్పుడు నంబరు పలక కడకు వత్తము. మన సరిహద్దులో దానిని చదువుట ఒక విద్య. ఏపీ 20 అని యున్నచో అది 2014కు పూర్వము ఉమ్మడి ఖమ్మము జిల్లాలో నమోదైనది. ఎంత మెరిసినను పన్నెండేండ్ల వయసు తప్పదు. టీఎస్ 04 ఖమ్మమునకు చెందినది. టీఎస్ 28, 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత భద్రాద్రి కొత్తగూడెమునకు వచ్చినది. 2024 మార్చి నుండి టీఎస్ బదులు టీజీ. సొంత కారు నమోదు పదిహేనేండ్లకే చెల్లును. తరువాత పరీక్ష చేయించి, రుసుము కట్టి, అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. పదునాలుగేండ్ల బండిని చౌకగా కొన్నవాడు ఏడాది తిరుగకమునుపే ఆ ఖర్చు భరింపవలెను. ఆ చౌకకు ఇదియు ఒక కారణము.

భద్రాచలమువారికి మరొక చిక్కు. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశములో చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో, దానిని ఆనుకొనియున్న ఎటపాక ఆంధ్రప్రదేశములో. నడిచి పోదగినంత దూరములో నున్న ఇంటి ముందటి బండి పర రాష్ట్రపు బండి! దానిని కొన్నచో అచ్చటి రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తేవలెను. ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టి కొత్త నంబరు తీసికొనవలెను. ఛత్తీస్‌గఢ్ బండికిని, దూరపు ఢిల్లీ బండికిని ఇదే విధి. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు కార్లపై, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు కార్లపై న్యాయస్థానపు ఆంక్షలు వచ్చినప్పటినుండి అచ్చటి బండ్లు దక్షిణమునకు చౌకగా దిగుచున్నవి. ఆ చౌక ధరకు ఇక్కడి పన్ను కలిపి చూచినగాని అసలు ధర తెలియదు.

కాగితముల విషయములో అమ్మువారికి కూడ ఒక మాట. మన ఊళ్ళలో ఖాళీ ఫారములపై సంతకములు చేసి, బండి తాళము ఇచ్చి, చేతులు దులుపుకొను అలవాటు ఉన్నది. కొన్నవాడు మరొకనికి, అతడు వేరొకనికి అమ్మును. నమోదు మాత్రము మొదటివాని పేరనే యుండును. ఆ బండి ఎవరినైన గుద్దినచో? 2018లో సుప్రీంకోర్టు ఇట్టి వ్యాజ్యములోనే తీర్పు చెప్పినది: రవాణా శాఖ పుస్తకములో ఎవని పేరున్నదో అతడే యజమాని, పరిహారపు బాధ్యత అతనిదే. బండి ముఖము చూచి ఏండ్లు గడచినవాడు ముక్కు మొగము తెలియని వాని కుటుంబమునకు లక్షలు చెల్లింపవలసి వచ్చును. కావున 29, 30 ఫారములు ఇద్దరును కలిసి నింపవలెను. తేదీ లేకుండ సంతకము చేయరాదు. అప్పు మీద కొన్న బండి అయినచో బ్యాంకు పేరు తొలగించు 35వ ఫారము అడుగవలెను. వ్యాపారివద్ద కొన్నచో, 2023 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన నియమముల ప్రకారము అతనికి రవాణా శాఖ అనుమతి పత్రము ఉన్నదో లేదో చూడవలెను. అట్టివానికి బండి అప్పగించినట్లు తెలియజేసిన పిమ్మట దాని బాధ్యత అతనిదగును. నడుమ వచ్చిన దళారికి ఆ బాధ్యత ఏమియు లేదు, మాట సాయమే. ఇంజను నంబరు, చాసిస్ నంబరు పుస్తకములోని వానితో సరిచూచుట ఒక నిమిషపు పని. బకాయి చలానాలు ఎన్ని ఉన్నవో చూచుట మరొక నిమిషము.

ధర విషయములో నా లెక్క ఇది. చేతిలో లక్షన్నర ఉన్నవాడు లక్షా పదివేల బండినే చూడవలెను. మిగిలిన నలుబది వేలు మొదటి ఆరు మాసములలో టైర్లు, బ్యాటరీ, బెల్టులు, బ్రేకులు, నూనెలు తామే అడిగి తీసికొనును. సొమ్మంతయు ధరకే పోసినవాడు మొదటి మరమ్మతుకు అప్పు చేయును. రెండవ మరమ్మతును వాయిదా వేయును. బండ్లు చెడునది అచ్చటనే. అరుదైన విదేశీ నమూనాలు ఎంత చౌకగా వచ్చినను వలదు. విడిభాగము హైదరాబాదు నుండి రావలెను. పాల్వంచ మెకానిక్కు కన్నులు మూసికొని విప్పగలిగిన బండి, ఖమ్మము దుకాణములో అడిగిననాడే భాగము దొరకు బండి, అది చూచుటకు సొగసైనది కాకున్నను కొనుడు.

బేరము కుదిరిన తరువాత సొమ్మంతయు ఒక్కసారి ఇయ్యకుడు. పేరు మార్పు దరఖాస్తు రవాణా కార్యాలయములో చేరి రసీదు వచ్చువరకు కొంత మొత్తము నిలుపుకొనుట ఉభయులకును మంచిది. ఆ సంగతి కాగితముపై వ్రాసికొని ఇద్దరును సంతకము చేయవలెను. భీమా పాలసీని మీ పేరునకు మార్చుటకు పదునాలుగు దినములలో కంపెనీకి దరఖాస్తు ఇయ్యవలెను. ఎదుటివారికి కలుగు నష్టమునకు చెందిన భాగము బండితోనే వచ్చును గాని, మీ బండికి కలుగు నష్టపు భాగము పేరు మారకున్నచో మీకు అక్కరకు రాదు. జూలైలో గోదావరి పెరుగునప్పటికి ఆ పని ముగిసియుండవలెను.